కానరాని గాయము, కావలసిన విశ్రాంతి

సన్నని గొట్టములతో, చిన్న గాట్లతో జరుగు స్త్రీల శస్త్రచికిత్సలు నేడు తెలుగునాట పట్టణపట్టణమునకును వచ్చినవి. ఆసుపత్రిలో నుండవలసిన కాలము ఒకటి రెండు దినములకు తగ్గినది. తక్కిన కోలుకొనుట యంతయు ఇంటిలోనే జరుగవలసియున్నది. అందులకు ఇంటివారు తెలిసికొనవలసిన దేమి?

తెలుగిండ్లలో బాలింతకు జరుగు మర్యాద వేఱొక స్త్రీకి జరుగదు. కాన్పైన కూతును పుట్టినింటివారు మూడవనెల వచ్చువఱకు అత్తవారింటికి పంపరు. వేడినీళ్ళ స్నానమును, సాంబ్రాణి పొగను, పాతబియ్యపు టన్నమును, వెల్లుల్లి కారమును వేళకు సమకూర్చి, నీళ్ళ బిందె నెత్తనీయక, ఎవరైన పని చెప్పబోయినచో “పచ్చి బాలింతరాలమ్మా, దాన్నేమీ అడక్కండి” అని అడ్డుపడుదురు. ఆ యాచారములలో వైద్యశాస్త్రమునకు నిలుచునవి కొన్ని, నిలువనివి కొన్ని. ఐనను, స్త్రీ దేహము లోలోపల నలిగినదనియు, ఆ నలుగుడు కంటికి కనబడకున్నను కాలమును కోరుననియు ఎఱిగిన వివేకము వాని యన్నిటికిని మూలము. ఆ స్త్రీయే పదునైదేండ్ల పిమ్మట, నెలల తరబడి రక్తస్రావముతో నీరసించి, నాలుగు చిన్న రంధ్రముల గుండ గర్భసంచి తీయించుకొని మూడవనాటికి ఇల్లు చేరినప్పుడు, మనలో ఆ వివేకము మేల్కొనుచున్నదా? పొట్టమీద పెద్దకోత లేదు. కుట్లు వెదకిన గాని కనబడవు. చూడవచ్చిన బంధువులు “కోతే లేదుగా, ఇంకా పడుకునే ఉన్నావేమ్మా?” అందురు. ఆమెయు, తనకు కలిగిన అలసటకు సాక్ష్యము చూపలేక, అయిదవనాడు పొయ్యి దగ్గరకు పోవును.

ఈ వ్యాసము చెప్పదలచిన మాట యొక్కటే. చర్మముమీది గాటు శస్త్రవైద్యుడు లోనికి పోయిన త్రోవ మాత్రమే. పని జరిగినది లోపల, మానవలసినదియు లోపలనే. కాబట్టి విశ్రాంతిని గాటు పొడవునుబట్టి కొలువక, లోపల జరిగిన పనినిబట్టి కొలువవలెను.

లోపల జరుగునదేమి

లాప్రోస్కోపీ యని వైద్యులును, కీహోల్ ఆపరేషనని పత్రికలును వ్యవహరించు ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 1901లో గేయార్గ్ కెల్లింగ్ అను జర్మను వైద్యుడు కుక్క యుదరమున గాలి నింపి, గొట్టపుటద్దముతో లోపలి యవయవములను పరిశీలించెను. 1910లో స్టాక్‌హోమ్ నగరమున యాకోబేయుస్ ఆ పనినే మనుష్యులయందు జరిపెను. ప్యారిస్‌లో రావుల్ పామర్ 1940వ దశకమున దీనిని స్త్రీరోగ పరీక్షకు ముఖ్యసాధనముగా నొనర్చెను. 1980లో జర్మనీలోని కీల్ నగరమున కుర్ట్ సెమ్ అను స్త్రీరోగవైద్యుడు ఈ మార్గముననే అపెండిక్సును తొలగించి, నాటి శస్త్రవైద్యుల యాగ్రహమునకు పాత్రుడయ్యెను. 1988లో అమెరికాలో హ్యారీ రైక్ గర్భసంచిని సయితము ఈ విధముననే తొలగింపవచ్చునని చూపెను. నేడు పిత్తాశయమునకును, హెర్నియాకును సాధారణమైన ఈ విద్యను మొదట పెంచి పోషించినవారు స్త్రీరోగవైద్యులే యని తెలియుచున్నది.

చికిత్స క్రమ మిట్టిది. రోగికి పూర్తి మత్తు నిచ్చి, బొడ్డు నొద్ద ఒక సెంటీమీటరునకు మించని గాటు పెట్టి, అందుండి బొగ్గుపులుసు వాయువును పొట్టలోనికి పంపుదురు. గుడారపు గుడ్డను గుంజలు పైకెత్తినట్లు ఆ వాయువు ఉదరకుడ్యమును ప్రేగులమీదినుండి పైకెత్తి, వైద్యుని చూపునకును సాధనములకును చోటు కల్పించును. ఈ వాయువునే యెన్నుకొనుటకు కారణము కలదు: అది మండదు, రక్తమున సులభముగా కరిగి ఊపిరితో వెలికి పోవును. పిమ్మట పొట్ట క్రిందిభాగమున రెండు మూడు అరసెంటీమీటరు గాట్లు పెట్టి, సన్నని కత్తెరలను పట్టుకారులను లోనికి పంపి, కెమెరా చూపు బొమ్మను తెరమీద చూచుచు పని నెఱవేర్తురు. ప్రేగులు పైకి జరుగుటకై తల పల్లమునకు వచ్చునట్లు బల్లను వంచుదురు. మెలకువ వచ్చినప్పుడు ముఖము కొంచెము ఉబ్బియుండుటకు అదియే హేతువు.

అండాశయముమీది నీటిబుడగను తొలగించుటయు, గర్భాశయమున పెరిగిన గడ్డలను తీయుటయు, గర్భాశయపు లోపొర వెలుపల నాటుకొని నెలనెల బాధించు ఎండోమెట్రియోసిస్‌ను కాల్చివేయుటయు, నాళములో నిలిచి ప్రాణాపాయము తెచ్చు గర్భమును తొలగించుటయు, పిల్లలు పుట్టకుండ చేయు ఆపరేషనును, గర్భసంచినే తీసివేయుటయు, అన్నియు ఈ చిన్న గాట్లలోనుండియే జరుగుచున్నవి. బయటి గాట్లు అన్నిటికి నొక్కటే. లోపలి పని మాత్రము ఒకటి పది నిమిషములది, ఒకటి మూడు గంటలది.

మొదటి రెండు దినములు

మత్తు దిగిన తోడనే గొంతు గఱగఱలాడుట చాలమందిని కలవరపెట్టును. మత్తులో శ్వాస సాగుటకై గొంతులో నుంచిన గొట్టము చేసిన ఒరపిడి యది. గోరువెచ్చని నీటితో రెండు దినములలో సర్దుకొనును. వికారము, చలి, తలదిమ్ము కొందఱికి కలుగును. వానికి మందులు కలవు, ఓర్చుకొని యూరకుండక నర్సుతో చెప్పవలెను. మత్తు పూర్తిగా దిగినట్లు తోచినను, దాని నీడ బుద్ధిమీద ఒక దినమంత ఉండును. కాబట్టి తొలి 24 గంటలు ఆమె నొంటరిగా విడువరాదు, బండి నడుపనీయరాదు, పొయ్యి ముట్టింపనీయరాదు, ఆస్తి కాగితములమీద సంతకము పెట్టింపరాదు.

ఇంటిల్లిపాదిని భయపెట్టునది భుజపు నొప్పి. పొట్టకు ఆపరేషను జరిగినది, భుజము లాగుచున్నది, ఇది గుండెపోటు కాదుగదా యని అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తినవారు కలరు. వివరము తెలిసినచో ఈ భయ ముండదు. చికిత్సానంతరము వాయువును వెలికి తీసివేసినను కొంత మిగిలి, ఆమె లేచి కూర్చుండగనే పైకి చేరి, ఊపిరితిత్తుల క్రిందనుండు విభాజక పటలము నొరయును. ఆ పటలమునకు పోవు నాడి మెడయందలి మూడు, నాలుగు, అయిదు నాడీమూలముల నుండి పుట్టినది. భుజపు చర్మమునకు స్పర్శ నిచ్చునదియు ఆ తావు నుండియే. అందుచే మెదడు పటలపు బాధను భుజపు బాధగా నెంచును. వెల్లకిల పడుకొన్నచో తగ్గుచు, కూర్చున్నచో హెచ్చుచు, ఒకటి మొదలు మూడు దినములలో అది దానంతట పోవును. నాలుగడుగులు నడచుటయు, వెచ్చని కాపడమును, వైద్యుడు వ్రాసిన నొప్పిమాత్రయు చాలును. దానితోపాటు ఆయాసముకాని, గుండెలో బిగువుకాని కలిగినచో మాత్రము ఆలస్యము చేయరాదు.

నొప్పిమాత్రల విషయమున మనవారికొక వింత యభిమానము కలదు. నొప్పి భరింపరానిదైన గాని మాత్ర వేసికొనరు. నొప్పి ముదిరిన పిమ్మట దానిని దింపుట కష్టము. తొలి మూడు నాలుగు దినములు వైద్యుడు చెప్పిన పారాసిటమాల్ మాత్రను గడియారము చూచి వేసికొన్న స్త్రీ చక్కగా దగ్గగలదు, లోతుగా ఊపిరి పీల్చగలదు, లేచి నడువగలదు. ఈ మూడును ఆమెను కాపాడునవి. మూత్రపిండముల జబ్బుకాని, కడుపులో పుండుకాని ఉన్నవారు మందులషాపున స్వయముగా కొన్న ఇతర నొప్పిమాత్రలను వాడరాదు.

మూత్రపు గొట్టము తీసిన పిమ్మట కొన్ని గంటలలో ఆమె తానుగా మూత్రము విడువవలెను. తొలిసారి కొంచెము మంట సహజము. పొట్ట బిగిసి, ఆఱు గంటలైనను విడువలేకున్నచో చెప్పవలెను. బొడ్డు చుట్టును కమిలి నీలముగా మారుటయు, అది పసుపురంగునకు తిరిగి వారము పది దినములలో మాయుటయు మామూలే. యోనినుండి కొద్ది రక్తము కనబడుటయు అట్టిదే. చిన్న చికిత్సలకు కొన్ని దినములు, గర్భసంచి తీసినచో ఎఱుపు గోధుమరంగునకు మారుచు కొన్ని వారములును సాగవచ్చును. ఈ కాలమున ప్యాడ్లే వాడవలెను. లోన నుంచుకొను కప్పులు, టాంపన్లు కూడవు.

పథ్యము పేరిట

పథ్యమను మాట మనకు పూజ్యము. దాని పేరిట జరుగు అపచారము మాత్రము విచార్యము. “పప్పు తింటే చీము పడుతుంది” అని కందిపప్పును, పెరుగును, గుడ్డును మాన్పించి, కారపుమెతుకులు పెట్టు ఇండ్లు నేటికిని కలవు. గాయము మానుట యనగా క్రొత్త కండ పుట్టుట. దానికి మాంసకృత్తులే ముడిసరకు. పప్పు, పెసరకట్టు, పెరుగు, పాలు, గుడ్డు, చేప, ఇవి గాయమునకు బలమిచ్చునవి. చీము పట్టించునవి సూక్ష్మక్రిములు. వానికి సాయపడునవి మురికిచేయి, తడికట్టు, అదుపు తప్పిన మధుమేహము. చక్కెరవ్యాధి కలవారు ఆపరేషను వారములలో మందు మానరాదు, పరీక్ష మానరాదు.

“నీళ్ళు తాగితే పొట్ట నీరు పడుతుంది” అను భయము మఱియొకటి. నీరు తగ్గించిన స్త్రీకి మలబద్ధము తప్పదు. మత్తు మందులును, కొన్ని నొప్పిమందులును ప్రేగులను ముందే మందగింపజేసియుండును. ముక్కి ముక్కి విరేచనమునకు పోవుట లోపలి కుట్లకు చేటు. కాబట్టి దినమునకు ఎనిమిది పది గ్లాసుల నీరు, పలుచని మజ్జిగ, రాగిజావ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర, బొప్పాయి ముక్కలు ఈ దినముల యోగ్యాహారము. గుండె జబ్బుకాని మూత్రపిండముల జబ్బుకాని ఉన్నవారు నీటి కొలత వైద్యు నడిగి తెలిసికొనవలెను. పొట్ట ఉబ్బరమునకు నడక ప్రధానౌషధము, వాము నీరు ఉపశమనము. గాలి పోవుట మొదలైనచో ప్రేగులు మేల్కొన్నవని సంతోషింపవలెను. మూడు దినములైనను విరేచనము కానిచో వైద్యు నడిగి మృదువైన మందు పుచ్చుకొనవచ్చును.

చిరకాలము రక్తస్రావముతో బాధపడి ఆపరేషనునకు వచ్చు స్త్రీలలో రక్తహీనత మెండు. గర్భసంచి తీసినంతనే రక్తము నిండదు. ఐరన్ మాత్రలు కొన్ని నెలలు వాడవలసియుండును. వానిని కాఫీ టీలతో కాక నిమ్మరసముతో పుచ్చుకొన్నచో ఒంటబట్టును. మలము నల్లబడుట చూచి బెదరరాదు.

గాట్ల సంరక్షణ సులభము. సాధారణముగా ఒకటి రెండు దినములకు పైకట్టు తీసి, సబ్బునీరు ప్రవహించునట్లు స్నానము చేసి, మెత్తని శుభ్రమైన తువాలుతో అద్ది ఆరనీయవలెను. పసుపుముద్ద, కొబ్బరినూనె, బూడిద, ఇవేవియు గాటున పెట్టరాదు. కుట్లు చాలవఱకు వానంతట కరిగిపోవునవే. లోపలి కుట్ల ముక్కలు రెండు మూడు వారముల తరువాత ప్యాడ్‌మీద కనబడినను కలవరపడనక్కఱలేదు. పొట్ట పెరుగకుండుటకని నడికట్టు బిగించి కట్టుట వలదు. దగ్గునపుడు, తుమ్మునపుడు దిండును పొట్టకు హత్తుకొన్నచో బాధ తగ్గును.

కదలిక యేది, పని యేది

విశ్రాంతి యనగా మంచము పట్టుట యని మన పెద్దలనేకులు తలతురు. డెన్మార్కు శస్త్రవైద్యుడు హెన్రిక్ కేలెట్ 1990వ దశకమున ప్రేగుల శస్త్రచికిత్స పొందినవారిచే ముందుగా తినిపించి, ముందుగా నడిపించి, నొప్పిని చక్కగా అణచినచో వారు శీఘ్రముగ కోలుకొందురని నిరూపించిన పిమ్మట ప్రపంచమంతట ఈ యభిప్రాయము మారినది. నేడు స్త్రీల ఆపరేషన్లకును అదియే పద్ధతి: సాయంకాలమునకే లేపి కూర్చుండబెట్టుదురు, మఱునాడు నడిపింతురు. కదలక పడియున్న కాలిపిక్కలలో రక్తము గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ యూపిరితిత్తులకు చేరినచో ప్రాణాంతకము. మంచముమీద నున్నంతసేపు పాదములను పైకి క్రిందికి ఆడించుటయు, గంట కొకమాఱు లేచి గదిలో తిరుగుటయు, వైద్యులిచ్చిన బిగువు మేజోళ్ళను విడువకుండుటయు ఇందులకే. మేడమెట్లు మెల్లగా ఎక్కి దిగవచ్చును.

కదలిక మంచిదైనంత మాత్రమున పని మంచిది కాదు. నడక శరీరమును మేల్కొలుపును. బరువు కుట్లను లాగును. గర్భసంచి తీసినప్పుడు యోని పైకొనను కుట్టి మూసియుందురు; ఆ కుట్టుమీద ఉదరపు టొత్తిడి పడరాదు. ఆఱు వారములవఱకు ఏది బరువో లెక్క చెప్పుకొనుట మేలు. నిండు బకెట్టు పదికిలోలు. నిండిన వంటగ్యాసు బండ ముప్పది కిలోలకు దగ్గర. బియ్యపు బస్తా ఇరువదియైదు కిలోలు. చంకనెక్కు మూడేండ్ల పిల్లవాడు పండ్రెండు, పదునాలుగు. వీనిలో నేదియు ఆమె ఎత్తదగినది కాదు. పిల్లవాడు మారాము చేసినచో ఆమె కూర్చుండి ఒడిలోనికి తీసికొనవచ్చును. టీ కాచుకొనుట, బట్టలు మడచుట, కూరగాయలు తరుగుట రెండవ వారమున ఆమె యోపికనుబట్టి సాగవచ్చును. తడిబట్టలు పిండుట, నేల తుడుచుట, మంచములు జరుపుట కొంతకాల మాగవలసినవి.

ఏ ఆపరేషనునకు ఎన్నాళ్ళన్న ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. పరీక్షకై మాత్రము లోపల చూచినప్పుడును, పిల్లల ఆపరేషనైనప్పుడును చాలమంది వారములో మామూలు పనులకు మఱలుదురు. అండాశయపు నీటిబుడగకును, నాళములో నిలిచిన గర్భమునకును రెండు మూడు వారములు. గర్భసంచి తొలగింపునకు తేలికపని రెండు మొదలు నాలుగు వారములలో, పూర్తిపని ఆఱు వారములకు. గడ్డలు మాత్రము తీసి గర్భసంచిని నిలిపినచో, గర్భాశయపు గోడ మానవలెను గనుక, మరల గర్భము ధరించుటకు ఎన్ని నెల లాగవలెనో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. స్కూటరు నడుపుటకు ముందు, ఉలికిపడి బ్రేకు తొక్కినను పొట్ట నొప్పని స్థితి రావలెను. దాంపత్యము విషయమున చిన్న చికిత్సలకు రక్తము ఆగి నొప్పి తగ్గుట చాలును. గర్భసంచి తీసినచో ఆఱు మొదలు ఎనిమిది వారములు ఆగి, వైద్యుడు పరీక్షించి సరే యనిన పిమ్మటనే.

ఈ లెక్కలు చెప్పుట సులభము, జరుగుట కష్టము. కార్యాలయమున సెలవు దొరకు ఉద్యోగిని ఇంట నుండగలదు. వరినాట్లకు పోవు కూలి స్త్రీ, మిరపకల్లములో తొడిమలు తీయు స్త్రీ, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో దినమంత నేల కూర్చుండి బీడీలు చుట్టు స్త్రీ ఏమి చేయవలెను? కూలి పోయిన దినము పొయ్యి వెలుగుట కష్టము. అట్టివారికి వైద్యుడు ఊరక “విశ్రాంతి తీసికొమ్ము” అని చెప్పిన చాలదు. నాట్లకాలము ముగిసినపిమ్మట చేయవచ్చు ఆపరేషనును ఆ ఋతువు దాటించి పెట్టవచ్చును. కూర్చుండి చేయు పని ముందు, వంగి బురదలో చేయు పని వెనుక అని క్రమము చెప్పవచ్చును. బీడీలు చుట్టువారు గంట కొకసారి లేచి తిరుగవలెనని చెప్పవచ్చును. పొదుపుసంఘపు తోటివారు ఆమె వాటా పనిని కొన్ని వారములు పంచుకొనవచ్చును. ఆమె బీదరిక మామె దేహధర్మమును మార్చదు. మారవలసినది మన యేర్పాటు.

ఉపేక్షింపరాని గుర్తులు

ఈ పద్ధతి సురక్షితమైనదే. ఐనను ప్రేగునకుకాని, మూత్రాశయమునకుకాని, రక్తనాళమునకుకాని అరుదుగా దెబ్బ తగులవచ్చును. వేడిసాధనము తాకి కమిలిన ప్రేగు కొన్ని దినముల పిమ్మట చిల్లుపడుటయు కలదు. అనగా ఇంటికి వచ్చిన తరువాతనే ఆపద బయటపడవచ్చును. జ్ఞాపకముంచుకొనవలసిన సూత్రము చిన్నది: ప్రతిదినమును నిన్నటికంటె నేడు మేలుగా నుండవలెను. తగ్గుచు వచ్చిన నొప్పి తిరిగి హెచ్చినచో, అది గ్యాసు నొప్పి యని యింటివైద్యము చేయుచు కూర్చుండరాదు.

జ్వరము 100.4 డిగ్రీలు దాటుట. వాంతులాగక పొట్ట బిగిసి ఉబ్బుట. ఆకలి పూర్తిగ చచ్చుట. గంట కొక ప్యాడ్ తడియునంత రక్తము, పెద్ద గడ్డలు, దుర్వాసన గల స్రావము. గాటు ఎఱ్ఱబడి వేడెక్కి చీము కారుట. మూత్రము రాకుండుటయు, మంటతో వచ్చుటయు, లేక తెలియకుండ నీరువలె కారుచుండుటయు. ఒక కాలిపిక్క వాచి నొచ్చుట. ఇవి ఆనాడే ఆసుపత్రికి తెలుపవలసినవి. ఆయాసము, గుండెనొప్పి, స్పృహ తప్పుట కలిగినచో క్షణమైన ఆగక 108ను పిలువవలెను.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నమున జరిగిన శిబిరమున లాప్రోస్కోపీ పద్ధతిని పిల్లల ఆపరేషను చేయించుకొనిన 34 మందిలో నలుగురు యువతులు కొన్ని దినములలోనే మరణించిరి. వారందఱును పసిబిడ్డల తల్లులు. ఆ విషాదము ఈ విద్యను వెలివేయుటకు కారణము కారాదు. సాధనముల శుద్ధిలో ఏమఱుపాటు కూడదనియు, చిన్న గాటు చేయించుకొని ఇల్లు చేరిన స్త్రీ “ఒంట్లో బాగాలేదు” అన్నప్పుడు ఆ మాటను వినవలెననియు అది మనకు నేర్పవలెను.

మనస్సు మానుట

దేహము లేచి తిరుగుచున్నను మనస్సు క్రుంగుట చాలమందికి అనుభవము. నాలుగైదవ దినమున కారణము లేకయే కన్నీరు వచ్చును. మధ్యాహ్నము రెండు గంటలకే ఒడలు వాలిపోవును. మత్తు, నిద్రలేమి, నొప్పి, నెలల తరబడి పడిన ఆందోళన యొక్కసారిగ విడుట, ఇవన్నియు కలిసి తెచ్చు అలసట యది. నాళములో నిలిచిన గర్భము పోయినవారికి ఇది ఆపరేషను మాత్రమే కాదు, బిడ్డను కోల్పోవుట. వారి దుఃఖమును “ప్రాణం దక్కింది, చాలదా” అని కొట్టివేయుట క్రూరము.

గర్భసంచి తీసినచో స్త్రీత్వము పోవునను భయము మన పల్లెలలో బలముగ నున్నది. గర్భసంచి మాత్రము తీసి అండాశయముల నుంచినచో ముట్టు ఆగును, గర్భము రాదు. హార్మోనులు మాత్రము యథాప్రకారము పుట్టుచునే యుండును, ముట్లుడుగు లక్షణములు కొందఱికి కొంత ముందుగా రావచ్చును. అండాశయములను గూడ తీసినచో ఆ మార్పు ఒక్కసారిగ వచ్చి, వేడి ఆవిరులు, చెమటలు, నిద్రపట్టమి కలుగును. ఎముకల బలమును తగ్గును. నలుబదియైదేండ్లు నిండనివారు హార్మోను మందులను గూర్చి వైద్యునితో తప్పక మాటాడవలెను. దాంపత్యమునకు గర్భసంచి లేమి అడ్డుగాదు. ఏండ్ల రక్తస్రావమును నొప్పియు తొలగుటచే సుఖపడినవారు పెక్కుమంది.

ఇచ్చట చేదునిజ మొకటి చెప్పక తప్పదు. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొనినవారు దేశమంతట నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7గా తేలినది. మందులతోను చిన్న చికిత్సలతోను తగ్గదగిన బాధలకు గర్భసంచినే బలియిచ్చుట మన నేల కంటిన దోషము. గాటు చిన్నదైనకొలది “తీయించేద్దాం, పోతుంది” అనుట తేలికైనది. కోలుకొనుటకు ఆఱు వారములు పట్టునని, అండాశయములు తీసినచో జీవితాంత ఫలితము లుండునని ముందే తెలిసిన స్త్రీ, మఱియొక వైద్యుని అభిప్రాయ మడుగుటకు సాహసించును. కోలుకొనుటను గూర్చిన తెలివి ఆపరేషనుకు ముందే రావలసినది.

ఇంటికి పంపు కాగితము

శస్త్రవైద్యుని పని గంటలలో ముగియును. ఇంటివారి పని వారములు సాగును. ఇంటివారు చేయవలసినవి కొన్నియే. భర్త తొలి వారము సెలవు పెట్టి వంటను, నీళ్ళను, పిల్లలను చూచుకొనవలెను. అది ఉపకారము కాదు, సంసారధర్మము. అత్తగారు, చూడవచ్చినవారి యెదుట “మా కోడలికి పెద్దాపరేషనే జరిగింది, ఆరు వారాలు బరువెత్తకూడదన్నారు” అని తానే చెప్పినచో, ఆ యొక్కమాట వేయి మందుల పెట్టు. తీసిన భాగమును పరీక్షకు పంపిన నివేదిక కొన్ని దినములకు వచ్చును. దానిని తెచ్చుకొని, చూపించి, అర్థము చెప్పించుకొని దాచవలెను. బాగుగనే యున్నదిగదా యని తిరిగి చూపించుకొనుట మానరాదు.

ఆసుపత్రులు చేయవలసినదియు కలదు. ఇంటికి పంపునపుడు చేతికిచ్చు కాగితము నేడు చాలచోట్ల ఆంగ్లముననే యున్నది. ఏ భాగము తీసితిమి, ఏది యుంచితిమి, ఏ మాత్ర యెన్నాళ్ళు, ఏ బరువు ఎప్పటివఱకు వలదు, ఏ గుర్తు కనబడినచో ఏ నంబరునకు పిలువవలెను అను నయిదు సంగతులను తెలుగున, పెద్ద యక్షరములలో, ఒక్క పుటలో వ్రాసి, రోగికిని ఆమె వెంటవచ్చినవారికిని ఎదుట కూర్చుండి చదివి వినిపించుటకు పది నిమిషములు చాలును. ఖర్చు ఒక కాగితము. ప్రభుత్వ వైద్యశాలలు మొదలుపెట్టినచో ప్రైవేటు వైద్యశాలలు అనుసరింపక తప్పదు. వైద్యులీయకున్నచో రోగియే అడుగవలెను, ఆమె యడుగలేకున్న వెంటవచ్చినవారు అడుగవలెను. ఆ కాగితము చేతికి వచ్చువఱకు ఆసుపత్రి గడప దాటరాదని ప్రతి కుటుంబమును నిశ్చయించుకొన్ననాడు, చిన్న గాట్ల ఈ గొప్ప విద్య మన స్త్రీలకు పూర్తిగా ఉపకరించినదగును.